గడియ తుపాకి కథ

మన పల్లెటూళ్ళలో వీధి తలుపునకు లోపలివైపున గడియ యుండును. దానిని ముందునకు త్రోసి, పిడిని క్రిందికి త్రిప్పినచో తలుపు బిగిసికొనును; పిడిని పైకెత్తి వెనుకకు లాగినచో తెఱచుకొనును. వేటగాండ్రు బోల్టు రైఫిలు అని పిలుచు తుపాకి పనిచేయు విధానము కూడ ఇదియే. గొట్టమునకు వెనుకభాగమున ఒక ఉక్కు గడియ అమర్చబడి యుండును. పిడిని ఎత్తి వెనుకకు లాగగా కాలిన తూటా తొడుగు బయట పడును. ముందునకు త్రోయగా క్రింది పెట్టెలోని క్రొత్త తూటా గొట్టములోనికి ప్రవేశించును. పిడిని క్రిందికి దింపగా ద్వారము మూసికొని, తుపాకి పేలుటకు సిద్ధమగును.

తలుపు గడియ పడినపుడు ఇంటివారు నిశ్చింతగా నిద్రింతురు. తుపాకి గడియ పడినపుడు చింత ప్రారంభమగును. వేటగాడు ఒక దినమున తుపాకిని పేల్చునది ఒకటి రెండు మారులు. మోసికొని తిరుగునది పది గంటల కాలము. రాళ్ళలో, ముళ్ళపొదలలో, ముందొకరు వెనుకొకరు నడచుచుండగా ఆ తుపాకి కోరని వేళ పేలకుండ కాపాడున దేమి? దానికి బిగించిన ఇనుప మీటయా, మోయువాని అలవాటా? ఈ ప్రశ్నను మనస్సునం దుంచుకొని ఈ ఆయుధము చరిత్రను పరిశీలింతము.

జర్మనీలోని సొమ్మెర్డా పట్టణమున తాళములు చేయువాని యింట 1787లో యోహాన్ నికొలౌస్ డ్రైజె జన్మించెను. తానును తాళముల పనియే నేర్చి, పిమ్మట పారిసు నగరమున తుపాకుల కర్మశాలలో పనిచేసి స్వస్థలమునకు మరలి వచ్చెను. ఆ కాలపు తుపాకులలో మందును, గుండును మూతినుండి కూరి, కడ్డీతో దట్టింపవలసి యుండెను. డ్రైజె గొట్టమును వెనుకనుండి తెఱచి, గడియతో మూయు పద్ధతిని కల్పించెను. గడియలోపల నిడుపైన సూది యొకటి యుండును. ట్రిగ్గరును నొక్కగా ఆ సూది కాగితపు తూటాను చీల్చుకొనిపోయి లోపలి పేలుడు ద్రవ్యమును తాకును. అందుచే దీనికి సూది తుపాకి యని పేరు వచ్చెను. ప్రష్యా సైన్యము దీనిని 1841లో స్వీకరించెను. 1866 జూలై 3వ తేదీన కోనిగ్‌గ్రాట్జ్ యుద్ధరంగమున ఆస్ట్రియా సైనికులు నిలువబడి మూతినుండి తుపాకులు కూరుకొనుచుండగా, ప్రష్యా సైనికులు పండుకొనియే గడియ త్రిప్పి మరల మరల పేల్చగలిగిరి. ఆ విజయముతో యూరపు దేశములన్నియు గడియ తుపాకి వంక దృష్టి సారించెను. అయితే దీనికొక లోపము లేకపోలేదు. ద్వారపు సందులనుండి వేడి వాయువు వెనుకకు చిమ్మి, పేల్చువాని ముఖమునకు తగులుచుండెను.

ఈ లోపమును తీర్చిన వారు మౌజరు సోదరులు. వుర్టెంబర్గు రాజ్యమున, నెక్కారు నదీతీరమునందలి ఓబర్న్‌డోర్ఫ్‌లో రాజుగారి ఆయుధశాల యుండెను. వారి తండ్రి అచట పనివాడు. 1838లో జన్మించిన పాల్ మౌజరు ఆయనకు పదుమూడవ సంతానము. పాల్, అతని అన్న విల్‌హెల్మ్ కలిసి లోహపు తొడుగు గల తూటాకు తగిన గడియను నిర్మించిరి. పేలినపుడు ఆ తొడుగు ఉబ్బి గొట్టము గోడలకు అంటుకొనుటచే వాయువు వెనుకకు రాదు.

ఇచట చరిత్రలో గమనింపదగిన విషయ మొకటి కలదు. 1871 డిసెంబరులో ప్రష్యా ప్రభుత్వము ఈ తుపాకి గుఱిని, వేగమును, దృఢత్వమును మెచ్చుకొనియు, తాత్కాలికముగ మాత్రమే ఆమోదించెను. కారణము, దానికి తగిన రక్షణ మీట ఇంకను సిద్ధము కాకుండుటయే. సోదరులు గడియ వెనుక కొనకు పక్షి రెక్కవంటి చిన్న మీటను చేర్చిన తరువాత, 1872 ఫిబ్రవరి 14వ తేదీన అది సైన్యమునకు పూర్తిగా స్వీకరింపబడెను. ఎంత చక్కగ పేలునో తెలిసినంత మాత్రమున తుపాకి పరీక్ష ముగియదనియు, పేలకుండ ఉండవలసినపుడు ఉండునా యను పరీక్ష వేఱుగ కలదనియు ఆనాటి పరీక్షకులు గ్రహించిరి.

విల్‌హెల్మ్ 1882లో మరణించెను. పాల్ మౌజరు తన గడియను దిద్దుచునే యుండెను. తుదకు 1898లో జర్మను సైన్యము స్వీకరించిన రైఫిలుతో దానికి పరిపూర్ణమైన రూపము వచ్చెను. దాని పెట్టెలో ఐదు తూటాలు పట్టును. గడియ ముందుభాగమున రెండు పండ్లు గాడులలో బిగియును. అవి విఱిగినచో ఆపుటకు వెనుక మూడవ పన్ను కలదు. తూటా తొడుగు పగిలినచో వాయువు ప్రక్కకు పోవుటకు గడియకు రంధ్రములు, కంటికి అడ్డుగ వెడల్పైన కవచము కలవు. ఆయుధముల అపాయము పాల్ మౌజరునకు పుస్తకములవలన తెలిసినది కాదు. 1901లో స్వయంచాలకమైన క్రొత్త తుపాకి నొకదానిని పరీక్షించుచు ఆయన ఎడమకన్ను కోల్పోయెను.

1898 రైఫిలు రక్షణ మీటకు మూడు స్థానములు కలవు. రెక్క ఎడమకు వాలియున్నపుడు తుపాకి పేలును. కుడికి వాలియున్నపుడు సూదియు, గడియయు రెండును బంధింపబడి యుండును. పొదలలో దూరునపుడు కొమ్మ తగిలి గడియ తెఱచుకొనుటకు గూడ వీలుండదు. నడుమ నిట్టనిలువుగ నున్నపుడు సూది మాత్రము బంధింపబడి, గడియ కదలును. అనగా తుపాకి పేలుటకు వీలులేని స్థితిలోనే తూటాల నన్నిటిని బయటకు తీసివేయవచ్చును. పైగా ఆ నిలువు రెక్క గుఱి చూచు కంటికి అడ్డముగ నిలుచును. చీకటిలో మీట ఎటున్నదో బొటనవ్రేలు చెప్పును. వెలుతురులో కన్ను చెప్పును. ఈ మీట ట్రిగ్గరును గాక సూదినే వెనుకకు పట్టి నిలుపుటచే, ట్రిగ్గరు అరిగినను, దానిలో దుమ్ము చేరినను రక్షణ చెడదు.

సైనికునికై పుట్టిన ఈ యంత్రము వేటగానికి సులభముగ లభ్యమయ్యెను. అంతకు పూర్వము పెద్ద మృగముల వేటకు జంట గొట్టముల రైఫిలు వాడుక. అది రాజులకు, ధనికులకు గాని అందని వెలగలది. రెండు మారులు పేలిన పిదప మరల కూరుకొనవలెను. మౌజరు గడియ తుపాకి వెల అందులో కొద్దిపాటి, తూటాలు ఐదు. లండనులోని జాన్ రిగ్బీ కంపెనీవారు ఓబర్న్‌డోర్ఫ్‌నుండి గడియలను తెప్పించి వేట రైఫిళ్ళను చేయసాగిరి. 1911లో వారు వెలువరించిన .416 తూటా ఏనుగులను, అడవిదున్నలను కూల్చగల శక్తి కలది. ఆస్ట్రియావారి మాన్లికెర్-షోనౌయెర్ 1903లో వెలువడెను. తేలికయైనది, గడియ వెన్నవలె జాఱునది యని కొండలలో వేటాడువారు దానిని ప్రేమించిరి.

రిగ్బీ రైఫిళ్ళలో ఒకటి మనదేశపు చరిత్రలో నిలిచినది. నేపాళమునను, కుమావూ కొండలలోను కలిపి 436 మందిని చంపినదని లెక్కకు వచ్చిన చంపావతు ఆడుపులిని 1907లో జిమ్ కార్బెట్ వధించెను. అందులకు సంయుక్త పరగణాల లెఫ్టినెంటు గవర్నరు సర్ జాన్ హ్యూవెట్ ఆయనకు .275 రిగ్బీ రైఫిలును బహూకరించెను. దాని కఱ్ఱకు బిగించిన వెండి రేకుపై ఆ వృత్తాంతము చెక్కబడియున్నది.

1930 ఏప్రిలులో చౌగఢ్ ఆడుపులిని వేటాడిన ఉదంతమును కార్బెట్ స్వయముగ వ్రాసియున్నాడు. వాగులో పెద్ద బండ ప్రక్కగ ఆయన ముందు నడచుచుండెను; అనుచరులు వెనుక నుండిరి. ఎడమచేతిలో దారిలో దొరికిన పక్షిగ్రుడ్లు రెండు. రైఫిలు కుడిచేత ఱొమ్ముకు అడ్డముగ, ఏటవాలుగ నున్నది. రక్షణ మీట తీసియే యున్నది. బండ దాటి తల త్రిప్పగా పులి కొలది అడుగుల దూరమున కూర్చుండి ఆయననే చూచుచుండెను. తటాలున కదలినచో అది దూకును. ఒక్కచేతితోనే తుపాకి మూతిని ముప్పాతిక వలయము మెల్లమెల్లగ త్రిప్పి ఆయన పేల్చెను, పులి కూలెను.

ఈ ఉదంతమును చదివి సాహసమును మెచ్చుకొనువారు అనేకులు. మనము గమనింపవలసినది తుపాకిని పట్టిన తీరు. ముందు మనుష్యుడు లేడు. ఉన్నది పులి మాత్రమే. మూతి అనుచరులవైపు లేదు. మీట తీసి నడచుట ఆ నిమిషమునకు, ఆ స్థలమునకు తగినది. అదే పని నలుగురు వేటగాండ్రు గుంపుగ నడచునపుడు చేసినచో హత్యాసమానమగును. నరభక్షకిని వేటాడునపుడు ఆయుధము గల తోడు ఉన్నచో తన్ను తాను కాపాడుకొనుట మఱింత కష్టమని కార్బెటే అభిప్రాయపడెను.

ఇరువదవ శతాబ్దమున రైఫిళ్ళపై దూరదర్శినులు వచ్చెను. గడియకు పైభాగమున దూరదర్శిని కూర్చొనగా మౌజరు నిలువు రెక్కకు చోటు లేకపోయెను. అమెరికాలో 1936లో వెలువడిన వించెస్టరు 70వ నమూనా రైఫిలులో మీట ప్రక్కకు త్రిప్పునట్లు మార్చబడినను, మూడు స్థానముల సూత్రము నిలిచియే యుండెను. అన్ని కంపెనీలును అట్లు చేయలేదు. 1962లో వెలువడి లక్షల సంఖ్యలో అమ్ముడుపోయిన రెమింగ్‌టన్ 700లో మీటకు రెండే స్థానములు. 1982 వఱకు తయారైన వానిలో మీట వేసియున్నపుడు గడియ కదలదు. తూటాను తీసివేయవలెనన్న ముందుగ మీటను పేలు స్థానమునకు త్రోయవలెను. మౌజరు నడుమ స్థానము లేని కొఱత ఇదియే.

2000 అక్టోబరులో మోంటానా రాష్ట్రమున ఒక కుటుంబము వేటనుండి మరలి వచ్చెను. తల్లి తూటాను తీయుటకై మీటను త్రోయగా తుపాకి పేలెను. గుండు గుఱ్ఱపు బండి రేకులగుండ దూసికొనిపోయి, ఆవల నున్న తొమ్మిదేండ్ల కుమారుని బలిగొన్నది. తన వ్రేలు ట్రిగ్గరును తాకలేదని ఆమె చెప్పినది. ట్రిగ్గరులో దోషము లేదని కంపెనీ వాదించినది. అనేక వ్యాజ్యముల పిమ్మట, డెబ్బది లక్షలకు మించిన రైఫిళ్ళ విషయమున, ట్రిగ్గర్లు కోరినవారికి మార్చి యిచ్చు ఒప్పందమును 2017లో న్యాయస్థానము ఆమోదించెను. ఆ తల్లి నడచినది జాగ్రత్త చెప్పిన దారినే. తుపాకిని ఖాళీ చేయుచుండగనే ఆ యనర్థము వాటిల్లెను. యంత్రము మోసగించినచో మిగులునది మూతి చూచు దిక్కు ఒక్కటే. రేకు గోడ గుండును ఆపదు, మట్టినేల ఆపును. తూటాలు తీయునపుడు మూతిని సురక్షితమైన నేలవైపు ఉంచవలెనను నియమము ఇందులకే పుట్టినది.

న్యూయార్కు రాష్ట్రము 1949లో చిన్నవయసు వేటగాండ్రకు శిక్షణ పొందనిదే అనుమతి లేదని శాసనము చేసెను. తక్కిన రాష్ట్రములు క్రమముగ అనుసరించెను. ఆ పాఠములలోని మోత పద్ధతులు పూర్వపు వేటగాండ్ర అనుభవసారమే. రెండుచేతుల ఱొమ్ముకు అడ్డముగ, మూతి పైకి చూచునట్లు పట్టుట శ్రేష్ఠము; కాలు జాఱినను మూతి అదుపు తప్పదు. మోచేతి వంపులో పెట్టుకొన్నచో మూతి ప్రక్కకు తిరుగును. ఆ ప్రక్క మనిషి ఉండరాదు. పటకాతో భుజమున వ్రేలాడదీసినచో చేతులకు విశ్రాంతి. కాని వంగి కొమ్మక్రింద దూరునపుడు మూతి ముందు నడచువాని వీపును చూచును. మూతిని ముందునకు వంచి ఒంటిచేత పట్టుకొని నడచుట వరుసలో మొదటివానికి మాత్రమే తగును. కంచె దాటునపుడు, వాగు దాటునపుడు, మంచె యెక్కునపుడు గడియ తెఱచి తూటాలు తీయవలెను. మంచెమీదికి తుపాకిని త్రాటితో, మూతి క్రిందుగ, పైకి లాగుకొనవలెను. పడిన తుపాకి గొట్టములో మట్టి చేరినదేమో చూడక పేల్చినచో గొట్టమే పగులును.

గడియ తుపాకికి ఈ విషయమున ఒక సహజగుణము కలదు. పెట్టెలోని తూటాలను బొటనవ్రేలితో క్రిందికి అదిమి, వానిపైగ గడియను మూసినచో, గొట్టము ఖాళీగనే యుండును. మృగము కనబడినపుడు గడియను ఒక్కమాఱు ఆడించినచో చాలును. అంతకంటెను మేలైనది, గడియ తెఱచియున్నచో ఆ సంగతి దూరముననున్న తోటివానికి సైతము కనబడును. మీట వేసియున్నదని చెప్పిన మాటను నమ్మవలెను. తెఱచిన గడియను నమ్మనక్కఱ లేదు, చూచిన చాలును.

మన దేశమున 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిమ్మట వినోదమునకై వేటాడుట క్రమముగ ముగిసినది. నల్లమల అడవులలో నేడు పులి జాడలు వెదకువారు చెట్లకు కెమెరాలను కట్టుచున్నారు. జిమ్ కార్బెట్ రిగ్బీ రైఫిలు ఆయన ప్రచురణకర్తల యొద్ద చిరకాలముండి, మరల రిగ్బీ కంపెనీని చేరి, 2016లో కుమావూ కొండల ప్రజలు చూచుటకై ఒకమాఱు ఈ దేశమునకు తేబడెను. అయినను, మన ఆయుధ కర్మాగారములలో చేసిన .315 గడియ రైఫిలు లైసెన్సుతో గల గృహములు నేటికిని కలవు. గోడకు తగిలించిన తుపాకి ఖాళీదని తాత చెప్పినాడనియు, తండ్రి చెప్పినాడనియు నమ్మి, పిల్లలు దానిని తాకుటవలన కలుగు అపాయము అడవిలో నడచువాని అపాయమునకు తీసిపోదు. అట్టి గృహస్థు చేయవలసినది, గడియ తెఱచి, కంటితో చూచి, వ్రేలితో తడవి, గొట్టము ఖాళీ యని తెలిసికొనుట; పిదప తూటాలను వేఱొకచోట, తుపాకిని మఱొకచోట తాళమువేసి భద్రపఱచుట. ఈ పనికి అరనిమిషము చాలును. మౌజరు సోదరులు తమ గడియకు రెక్క తొడుగుటకు పడిన శ్రమ సార్థకమగుట ఆ అరనిమిషముపై ఆధారపడి యున్నది.