కోతుల్లో దొరికిన ఆచూకీ

2016 చివర్లో బ్రెజిల్‌లోని మీనాస్ జెరాయిస్ రాష్ట్రంలో ఎల్లో ఫీవర్ విరుచుకుపడింది. అడవుల్లో హౌలర్ కోతులు గుంపులకు గుంపులే చచ్చిపోయాయి. వీటి అరుపు కిలోమీటర్ల దూరం వినిపిస్తుంది. అదే రాష్ట్రంలోని కరటింగా అడవిలో ఏళ్ల తరబడి కోతుల్ని పరిశీలిస్తున్న కారెన్ స్ట్రయర్ 2017 జనవరిలో అక్కడికి వెళ్లేసరికి ఆ అరుపే లేదు.

అధికారుల భయం మాత్రం నగరాల గురించి. అడవిలో ఎల్లో ఫీవర్ వైరస్‌ను మోసేది చెట్ల కొమ్మల్లో తిరిగే హేమగోగస్ దోమ. ఊళ్లలో మోయగలిగింది ఈడిస్ ఈజిప్టై, మనకు డెంగీ తెచ్చే దోమే. 1942 తర్వాత బ్రెజిల్ నగరాల్లో దీని ద్వారా ఎల్లో ఫీవర్ పాకలేదు. ఇప్పుడు మళ్లీ మొదలైందా?

తేల్చాల్సింది వైరస్ జన్యుక్రమమే. దాదాపు 11,000 అక్షరాల ఆర్‌ఎన్‌ఏ అది. వైరస్ పాకేకొద్దీ అక్కడక్కడ ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పుల్ని పోల్చి వంశవృక్షం గీస్తారు. చిక్కల్లా, నమూనాల్లో వైరస్ చాలాసార్లు అతి తక్కువగా ఉండటమే. జికా వైరస్ వ్యాపించినప్పుడే జోషువా క్విక్, నిక్ లోమన్ అనే శాస్త్రవేత్తలున్న బృందం దీనికి దారి కనిపెట్టింది. జన్యుక్రమాన్ని పెంకుటింటి కప్పులా, ఒకదాని అంచు మీద మరొకటి పడేలా చిన్న ముక్కలుగా పంచుకుని, ప్రతి ముక్కనూ పీసీఆర్‌తో లక్షల నకళ్లు తీస్తారు. అరచేతిలో పట్టే మినయాన్ యంత్రం వాటిని చదువుతుంది. తర్వాత కలిపి కుట్టుకోవడమే. 2020లో కరోనా వైరస్‌ను చదవడానికీ ప్రపంచంలో చాలాచోట్ల ఈ పద్ధతే వాడారు.

పరిశోధకుడు నూనో ఫారియా బృందం, బ్రెజిల్ శాస్త్రవేత్తలు కలిసి ఈ పద్ధతిని ఎల్లో ఫీవర్‌కు మలిచారు. నమూనాల్ని విదేశాలకు పంపకుండా అక్కడే చదివారు. నాకు ఇందులో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే. మనుషులవీ కోతులవీ కలిపి 50కి పైగా జన్యుక్రమాలు వచ్చాయి. ఫలితాలు 2018లో 'సైన్స్' పత్రికలో వెలువడ్డాయి. వాటి ప్రకారం వైరస్ ముందు అడవిలోనే పాకి, కొత్త ప్రాంతాలకు విస్తరించి, 2016 చివర్లో మనుషుల మీదికి ఎక్కువగా దూకింది. రోగుల్లో ఎక్కువమంది పని చేసే వయసు మగవాళ్లు కావడమూ అడవి వైపే చూపింది. నగర దోమ పని కాదది.

ఇంతలో జనం భయంతో కోతుల మీద పడ్డారు. కోతి మనిషికి నేరుగా రోగం అంటించదని, అది చస్తే టీకాలు ఎక్కడ ముందు వేయాలో తెలుస్తుందని ఆరోగ్యశాఖ మొత్తుకుంది. అయినా రియోలో దొరికిన కళేబరాల్లో చాలా వాటి మీద మనుషులు దాడి చేసిన గుర్తులున్నాయి.