చిన్న లోపం అనుకున్నది

గుండె కండరానికి రక్తాన్నందించే కరోనరీ ధమనులు రెండు. బృహద్ధమని మొదట్లోని వేర్వేరు గూళ్ల నుంచి అవి బయలుదేరాలి. కొందరిలో పుట్టుకతోనే ఎడమ ధమని కుడి గూటి నుంచి మొలిచి, బృహద్ధమని గోడలోనే కొంతదూరం నడిచి, పుపుస ధమని పక్కగా తన చోటికి చేరుతుంది. దాని ముఖద్వారం సన్నని చీలికలా ఉంటుంది. పరుగెత్తినప్పుడు బృహద్ధమని ఉబ్బితే ఆ దారి నొక్కుకుపోతుంది.

దీనిని చాలాకాలం చిన్న లోపాల జాబితాలోనే ఉంచారు. అది అంత చిన్నదేమీ కాదని 1974లో అమెరికా వైద్యుడు మెల్విన్ చైట్లిన్ బృందం తమ పరిశోధనా వ్యాసం శీర్షికలోనే హెచ్చరించింది. 1981లో బ్రిటన్‌లో మగ్దీ యాకూబ్ బృందం దీనికొక శస్త్రచికిత్సను వివరించింది. గోడలో దాగిన భాగాన్ని లోపలివైపు నుంచి పొడవునా తెరచి, ద్వారాన్ని విశాలం చేయడమే అందులోని కిటుకు. దీనినే అన్‌రూఫింగ్, అంటే కప్పు తీయడం, అంటారు. బైపాస్ చాలదా అని పాఠకులు అడగవచ్చు. విశ్రాంతివేళ సొంత ధమనిలో రక్తం ధారాళంగానే పారుతుంది గనుక, అతికించిన నాళం పనిలేక మూసుకుపోవచ్చు.

అసలు చిక్కు గుర్తించడంలోనే ఉంది. ఈ తరహా లోపాలతో హఠాత్తుగా మరణించిన 27 మంది యువ క్రీడాకారుల వివరాలు 2000లో వెలువడ్డాయి. వారంతా శ్రమిస్తుండగానో, ఆ వెంటనేనో కుప్పకూలారు. అంతకుముందు ఇ.సి.జి. తీయించుకున్న కొందరిలో అది మామూలుగానే ఉంది! అందుకే ఆడుతూ స్పృహతప్పిన కుర్రవాడికి ఇ.సి.జి. ఒక్కటే చూసి అభయమివ్వరాదు. ఎకో, అవసరమైతే సి.టి. యాంజియోగ్రామ్ చేయించాలి.