నిద్రలేచిన గడియారం



కుంభకర్ణుణ్ణి నిద్రలేపిన ఘట్టం మనకందరికీ తెలిసిందే. లేవగానే ఆయన, నన్నెందుకు లేపారు, ఏం జరిగింది అని అడిగాడు. తాను నిద్రపోయినంత కాలం లోకం ఆగలేదని ఆయనకు తెలుసు. మరి ఒక గడియారం నిద్రపోయి లేచిందనుకోండి. తాను నిద్రపోయానన్న సంగతే దానికి తెలియకపోతే? ఈరోజు అలాంటి గడియారం గురించీ, దాన్ని దిద్దే పద్ధతి ఎక్కడి నుంచి వచ్చిందన్న దాని గురించీ చెప్పుకుందాం.

మన కోలారు, హిందూపురం, మదనపల్లె వైపు నుంచి వెళ్లి బెంగళూరులో కంప్యూటరు పని చేసే పిల్లలు ఎన్నో ఇళ్లలో ఉన్నారు. వాళ్లు వాడే సాధనాల్లో వర్చువల్ మెషీన్ ఒకటి. అంటే ఒక అసలు కంప్యూటరు లోపల ప్రోగ్రాము సాయంతో నడిచే మరో కంప్యూటరు. ఇంటి యజమాని, లోపల అద్దెకున్న మనిషి అనుకోండి. రాత్రి ల్యాప్‌టాప్ మూత వేస్తే ఇద్దరూ నిద్రపోతారు. కాని యజమాని దగ్గర చిన్న గడియారం విడిగా నడుస్తూనే ఉంటుంది. పొద్దున లేచి దాన్ని చూసుకుంటాడు. అద్దెమనిషి మాత్రం మొదట్లో ఒకసారి టైము తెలుసుకుని, తరవాత తన లెక్క తానే పెట్టుకుంటాడు. నిద్రలో ఆ లెక్క ఆగిపోతుంది. రాత్రి 10 గంటలకు మూత వేసి పొద్దున 6 గంటలకు తెరిస్తే, సరిచేసే ఏర్పాటు లేనప్పుడు, అతనికి ఇంకా రాత్రి 10 గంటలే!

దీనివల్ల నష్టమేమిటి అంటారా? 30 సెకన్లకోసారి మారే రహస్య సంఖ్యలు కలవవు. ఈ తెల్లవారుజామున జారీ అయిన భద్రతా పత్రాన్ని చూసి, ఇది ఇంకా అమలులోకి రాలేదని యంత్రం తోసేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏది ముందు జరిగింది, ఏది తరవాత జరిగిందన్న రికార్డు తారుమారవుతుంది. దొంగ ఎప్పుడు చొరబడ్డాడో చెప్పలేని కావలివాడి సాక్ష్యం ఎందుకు పనికొస్తుంది?

గడియారాలు ఒకదానితో ఒకటి కలవకపోవడం కొత్త జబ్బు కాదు. ఒకప్పుడు సూర్యుడు నడినెత్తికి వస్తే ఆ ఊరికి మధ్యాహ్నం. ఒక్కో డిగ్రీ రేఖాంశానికి 4 నిమిషాల తేడా. ఆ లెక్కన మద్రాసు కంటే బెంగళూరు మధ్యాహ్నం సుమారు 10 నిమిషాలు ఆలస్యం. ఎద్దులబండికి ఆ 10 నిమిషాలు ఒక లెక్క కాదు. 1864లో జోలార్‌పేట నుంచి, మన బంగారుపేట మీదుగా, బెంగళూరు కంటోన్మెంటుకు రైలు వచ్చింది. రైలుకు మాత్రం అది లెక్కే. ఒకే పట్టాల మీద రెండు బళ్లు రెండు టైములతో నడిస్తే ప్రాణాలకే ముప్పు.

అందుకని ఒక్క గడియారాన్ని పెద్దగా ఎంచుకుని, మిగిలినవన్నీ దాన్ని అడిగి దిద్దుకోవడం మొదలైంది. ఆ పెద్ద గడియారం 1792లో కట్టిన మద్రాసు వేధశాలలో ఉండేది. అక్కడి టైము గ్రీన్‌విచ్ కంటే సుమారు 5 గంటల 21 నిమిషాలు ముందు. 1870 ప్రాంతం నుంచి దేశంలోని రైళ్లు మద్రాసు టైముతోనే నడిచాయి. వేధశాల నుంచి తంతి మీద సంకేతం వెళ్లేది. దూరాన ఉన్న గడియారం దాన్ని విని తనను దిద్దుకునేది. 1906 జనవరి 1న గ్రీన్‌విచ్ కంటే 5న్నర గంటలు ముందుండే భారత ప్రామాణిక కాలం వచ్చింది. దాని రేఖ మన కాకినాడ దగ్గరగా పోతుంది. మద్రాసు టైముతో నడిచే గడియారం ఆ మార్పుకు సుమారు 9 నిమిషాలు ఒక్కసారిగా ముందుకు జరగాలి. అంతటి తేడాను మెల్లమెల్లగా సవరిస్తూ కూర్చోరు కదా!

1961లో బెంగళూరులో హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజన్ కంపెనీ సహకారంతో చేతి గడియారాలు చేయడం మొదలుపెట్టారు. జనతా, పైలట్ వంటి ఆ గడియారాలకు రోజూ కీ ఇవ్వాలి. మరిచిపోతే నిద్రపోయేవి. మళ్లీ కీ ఇస్తే ఆగిన చోటి నుంచే, ఏమీ జరగనట్టు నడిచేవి. అచ్చం మన వర్చువల్ మెషీన్ లాగే! అప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు ఏం చేసేవారు? రేడియో పెట్టి, వార్తల ముందు వచ్చే టైము విని ముల్లు తిప్పేవారు. ఆ కంపెనీ గడియారాల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించింది. కాని అడిగి దిద్దుకునే ఆ పద్ధతి పోలేదు.

కంప్యూటర్లకు ఆ పద్ధతిని నేర్పినవారు అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్. 1985లో ఆయన ఎన్.టి.పి. అనే ఏర్పాటును ప్రకటించారు. ఒక కంప్యూటరు మరో నమ్మకమైన కంప్యూటరును టైమెంత అని అడుగుతుంది, జవాబు రావడానికి పట్టిన ఆలస్యాన్ని కూడా లెక్కగట్టి తనను సరిచేసుకుంటుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చిన్న తేడాను ఎన్.టి.పి. మెల్లగా సవరిస్తుంది, సెకనుకు గరిష్ఠంగా అర మిల్లీసెకను చొప్పున. రాత్రి 8 గంటల నిద్రను ఆ వేగంతో సవరించాలంటే సుమారు 667 రోజులు పడుతుంది! పైగా తేడా 1000 సెకన్లు దాటితే, ఇందులో ఏదో మోసముందని ఆ ప్రోగ్రాము మామూలుగా పని మానేస్తుంది.

కాబట్టి మందు ఇది. నిద్ర లేవగానే గడియారాన్ని ఒక్క గంతులో ముందుకు జరపాలి. ఆ తరవాతే చిన్నచిన్న తేడాలను మెల్లగా సవరించుకోవాలి. క్రోనీ అనే ప్రోగ్రాములో ఇందుకు 'మేక్‌స్టెప్' అన్న ఆజ్ఞ ఉంది. యజమాని గడియారాన్ని చూసి అద్దెమనిషికి టైము చెప్పే సహాయక ప్రోగ్రాములనూ వర్చువల్ మెషీన్ తయారీదారులు ఇస్తారు. వాటిని లోపల పెట్టుకోవాలి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. గడియారాన్ని ముందుకు గెంతించడం కంటే వెనక్కి తిప్పడం ప్రమాదం. రాసిన రికార్డుల వరుసే తప్పుతుంది.

అందరూ అడిగే ఆ పెద్ద గడియారం ఇప్పుడెక్కడుంది? మన దేశపు ప్రామాణిక కాలాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల పరమాణు గడియారాలతో కాపాడుతోంది. ఉపగ్రహాల ద్వారా దారి చూపే నావిక్ వ్యవస్థకు టైము చూసే కేంద్రం మన పక్కనే, బెంగళూరు శివారు బ్యాలాలులో 2013లో మొదలైంది. కంప్యూటర్ల గడియారాలను జాతీయ టైము సర్వర్లతో కలిపి ఉంచుకోవాలని 2022 ఏప్రిల్‌లో కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ కంపెనీలను ఆదేశించింది. నేరం జరిగితే రికార్డుల వరుస సరిగా ఉండాలి కదా!

మీ ఇంట్లో కంప్యూటరు పని చేసే పిల్లలుంటే ఒక మాట అడిగి చూడండి: మీ యంత్రం నిద్రలేచాక టైము ఎవరిని అడుగుతుంది అని. జవాబు వెంటనే చెప్పలేకపోతే, ఆ రోజే చూసుకోమనండి. నిద్రపోవడం గడియారం తప్పు కాదు. లేచాక అడగకుండా టైము చెప్పడమే తప్పు.