దిద్దుబాటు హక్కు



అచ్చుయంత్రము రాకపూర్వము మన తెలుగు గ్రంథములు మిక్కిలిగా తాటియాకులమీద చేతితో వ్రాయబడుచుండెనని మీరెరుగుదురు. ఒక ప్రతిని చూచి మరియొక ప్రతిని వ్రాయునపుడు అక్షరములు జారుటయు, పంక్తులు తప్పుటయు సహజము. అందుచేతనే లేఖకులు గ్రంథాంతమున, తప్పులున్నచో విజ్ఞులు దిద్దుకొనవలసినదని ప్రార్థించెడివారు. ఆ ప్రార్థనలో వినయముతోపాటు అనుమతియు గలదు. గ్రంథమెవరి చేతికి వచ్చినను వారు దానిని చదువవచ్చును, దిద్దవచ్చును, మరల వ్రాసికొనవచ్చును. చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొరగారు కడపలో పండితులను నియమించి, ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులను తెప్పించి, పాఠభేదములను సరిపోల్పించి, శుద్ధప్రతులను వ్రాయింపగలుగుటకు ఈ యనుమతియే ఆధారము.

ఇట్టి యనుమతి కంప్యూటరు ప్రోగ్రాముల విషయమున నెట్లు పోయెనో, దానిని మరల నెట్లు సాధించిరో, సాధించినదానిని నిలుపుకొనుటకు ఏమి కావలయునో నేడు మీకు మనవిచేయదలచితిని.

కంప్యూటరు తనంత తానేమియు చేయజాలదు. ఇది చేయుము, పిదప నిది చేయుమని వరుసగా వ్రాసిన ఆజ్ఞలనే ప్రోగ్రామందురు. రైలు టిక్కెట్టు, బ్యాంకు ఖాతా, మన మనుమల చేతిలోని ఫోను, అన్నియు నేడీ యాజ్ఞలచేతనే నడచుచున్నవి. మనుష్యుడు వ్రాసి చదువగలిగిన రూపమునకు మూలమని పేరు. ఆ మూలమును యంత్రమునకు తెలియు అంకెలుగా మార్చినపిమ్మట దానిని చదివి యర్థము చేసికొనుట బహుకష్టము. వండిన పులుసును చూచి ఉప్పు పులుపుల పాళ్లు చెప్పుట వంటిదది. మూలము చేతలేనివాడు దోషమును అనుభవింపగలడు గాని దిద్దజాలడు.

ఆ దోషమును ఆంగ్లేయులు బగ్గు, అనగా పురుగు, అందురు. ఇంజనీర్ల వాడుకలో ఈ మాట 19వ శతాబ్దమునుండియు గలదు. 1947 సెప్టెంబరు 9వ తేదీన అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయపు మార్క్ 2 అను యంత్రములో నిజముగనే యొక చిమ్మెట చిక్కుకొనగా, దానిని తీసి దినచర్య పుస్తకమున నంటించి, పురుగు దొరికినదని వ్రాసియుంచిరి. గ్రంథములను తొలుచు రామబాణపు పురుగు నెరిగిన మనకు ఈ పేరు వింతగా తోపదు.

తొలినాళ్లలో ప్రోగ్రాములు తాళపత్రములవలెనే చేతులు మారుచుండెను. 1955లో ఐబీఎం కంపెనీవారి యంత్రములను వాడువారు షేర్ అను సంఘము నేర్పరచుకొని తమ ప్రోగ్రాములను ఒకరికొకరు ఇచ్చి పుచ్చుకొనిరి. 1969లో ఆ కంపెనీవారు యంత్రమునకొక వెల, ప్రోగ్రామునకొక వెల యని వేరుపరచ నిశ్చయించిరి. క్రమముగా ప్రోగ్రాము సొంతముగ నొక సరకైనది. సరకైన పిమ్మట మూలమును దాచుట వర్తకనీతి యైనది.

1980 ప్రాంతమున మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో రిచర్డ్ స్టాల్‌మన్ అను యువకుడు పనిచేయుచుండెను. అచ్చటి పాత ముద్రణయంత్రమున కాగితము చిక్కుకొన్నప్పుడు, కనిపెట్టుకొనియున్నవారికి వెంటనే తెలియునట్లు అతడా యంత్రపు ప్రోగ్రామును మార్చియుండెను. పిదప జిరాక్స్ కంపెనీవారి క్రొత్త యంత్రము వచ్చెను. దానియందును కాగితము చిక్కుకొనుచుండెను. కాని మూలము రాలేదు. మూలము గల వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, ఇతరులకు ఇయ్యనని మాట యిచ్చితినని అతడు నిరాకరించెను. దోషము తెలిసియు, దిద్దు నేర్పు కలిగియు, దిద్దుటకు వీలులేకపోయెను. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్, ఎల్లరును చదివి మార్చుకొనదగిన ప్రోగ్రాముల సముదాయమును గ్నూ అను పేర నిర్మించెదనని ప్రకటించెను. 1989లో దానికి తగిన యనుమతిపత్రము వెలువడెను. వాడుకొనవచ్చును, చదివి మార్చుకొనవచ్చును, పరులకు ఈయవచ్చును; అయితే ఇచ్చునపుడు మూలమును, ఇవే హక్కులను వారికిని ఈయవలయును. ఇదియే దాని సారాంశము. ఇట్టి ప్రోగ్రాములకు 1998నుండి ఓపెన్ సోర్సు అను పేరును వ్యాపించినది.

దోషము చూపినవారిని గౌరవించుటలో డొనాల్డ్ క్నూత్ అను ఆచార్యుని కథ చెప్పదగినది. తన గ్రంథపు క్రొత్త కూర్పు అచ్చు చూచి అసంతృప్తి చెంది, గణితగ్రంథములను చక్కగా కూర్చుటకై 1978లో ఆయన టెక్ అను ప్రోగ్రామును వ్రాసెను. దోషము చూపినవారికి మొదట 2 డాలర్ల 56 సెంట్లు బహుమానము. యేటేట దానిని రెట్టింపు చేయుచు 327 డాలర్ల 68 సెంట్ల వద్ద నిలిపెను. ఆయన సంతకము గల చెక్కును పలువురు బ్యాంకునకు పంపక చట్రము కట్టించి గోడకు వ్రేలాడదీసికొనిరి. పదియేండ్లలో తాను చేసిన సవరణలను 850కి పైగా వరుసగా వ్రాసి 1989లో ప్రకటించెను. ఈ ప్రోగ్రాము కూర్పుల సంఖ్య, వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తి. దిద్దినప్పుడెల్ల ఒక దశాంశస్థానము పెరుగును. 2021లో అది 3.141592653 అయినది. తన యనంతరము మిగిలిన దోషములను లక్షణములుగనే యెంచవలెనని ఆయన కోరెను. ఋషుల ప్రయోగములందు వ్యాకరణదోషము కన్పించినచో మన పండితులు ఆర్షప్రయోగమని సరిపెట్టుట మీకు జ్ఞప్తికి వచ్చును.

పాత పుస్తకముల చివర తప్పొప్పుల పట్టిక యుండెడిది గదా! 1985లో లారీ వాల్ అను నతడు పాచ్ అను ప్రోగ్రామును వ్రాసెను. ఏ పంక్తిని తీసివేయవలెనో, ఏ పంక్తిని చేర్చవలెనో చూపు పట్టికను దానికిచ్చినచో అదియే మూలమును దిద్దును. ఇందువలన దూరదేశమునందున్నవాడును గ్రంథమంతయు పంపనక్కరలేక తన సవరణను మాత్రము పంపగలిగెను. 1991 ఆగస్టు 25న ఫిన్లాండు దేశపు విద్యార్థి, 21 యేండ్ల లీనస్ టోర్వాల్డ్స్, తాను వ్రాయుచున్న ప్రోగ్రామును గూర్చి ప్రకటించి సలహాలు కోరెను. అదియే లినక్స్. ప్రపంచపు నలుమూలలనుండి సవరణలు వచ్చెను. వచ్చినదెల్ల చేర్చరు, ఆ భాగమును కాపాడువారు పంక్తి పంక్తి చదివి, ప్రశ్నించి, ఒప్పుకొన్నపిమ్మటనే చేర్చుదురు. ఎవరేది మార్చిరో గుర్తుంచుటకు లీనస్ 2005లో గిట్ అను మరియొక ప్రోగ్రామును నిర్మించెను.

ఇది మనకు పరాయి విషయము కాదు. 2018 ఫిబ్రవరిలో మన ‘జ్ఞా’ అక్షరము ప్రపంచవార్తల కెక్కెను. దానిలో కంటికి కనబడని యొక గుర్తు చేరి, ఆ కూర్పు సందేశముగా వచ్చినప్పుడు ఆపిల్ కంపెనీవారి ఫోనులలో దానిని చూపు ప్రోగ్రాములు కూలుచుండెను. ఆ మాసము 19న కంపెనీవారు సవరణ నిచ్చిరి. త్వరగానే ఇచ్చిరనుట న్యాయము. కాని ఆ భాగపు మూలము వారియొద్దనే యుండుటచేత, జ్ఞానశబ్దమును పుట్టువుతో నెరిగిన తెలుగువాడును తాను దిద్దజాలక నిరీక్షింపవలసివచ్చెను. లినక్స్‌నందును ఆండ్రాయిడ్ ఫోనులందును అక్షరములను కూర్చు హార్ఫ్‌బజ్ అను ప్రోగ్రామునకు మూలము బహిరంగము. అందు ఒత్తు తప్పినచో తెలుగువాడు చూపవచ్చును, నేర్చినవాడు దిద్దవచ్చును.

తలుపు తెరచియుంచిన మాత్రమున సర్వము క్షేమమని నేననను. వెబ్ వ్యవహారములకు రహస్యరక్షణ నిచ్చు ఓపెన్ ఎస్సెస్సెల్ అను ప్రోగ్రామున 2012లో నొక దోషము ప్రవేశించెను. మానికెడు గింజలు దాచినవాడు పుట్టెడు దాచితినని యడుగగా, లెక్కచూడక గాదెనుండి పరుల ధాన్యమును గూడ కొలిచి ఇచ్చినట్లు, అది ఇతరుల రహస్యములను బయటపెట్టుచుండెను. మూలము రెండేండ్లు అందరి కన్నులయెదుట నున్నను, 2014 ఏప్రిల్ 7 వరకు లోకమునకు తెలియలేదు. అంత ముఖ్యమైన ప్రోగ్రామును కాపాడువారు అతిస్వల్పసంఖ్యాకులు. చదువుటకు హక్కున్నది, చదివినవారు లేరు.

మరియొకటి ఇంతకన్న భయంకరము. ఎక్స్‌జెడ్ అను చిన్న ప్రోగ్రామును ఒక్కడు వేతనము లేక కాపాడుచు అలసియుండెను. జియా టాన్ అను పేర నొకరు రెండేండ్లకు పైగా మంచి సవరణలు పంపి, నమ్మిక సంపాదించి, అధికారము పొంది, 2024లో దొంగవాకిలి నొకదానిని దాచిరి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు, తన యంత్రములోనికి ప్రవేశించుటకు అర సెకను ఎక్కువ పట్టుచున్నదేమని వెదకి, దానిని పట్టి, మార్చి 29న బహిరంగముగ తెలిపెను. అప్పటికది ప్రధానముగ పరీక్షాకూర్పులకు మాత్రమే ప్రాకియుండెను. దిద్దుబాటు నెపమున విషము పోయుటకును ఈ మార్గము వీలిచ్చినది. అర సెకను నుపేక్షింపనివాడు మూలము విప్పి చూచుటకును ఈ మార్గమే వీలిచ్చినది. కావున హక్కునకు తోడు శ్రద్ధ కావలయును. కాపాడువానికి సాయము కావలయును.

నలువది యేండ్లు పిల్లలకు చదువుచెప్పినవాడను గనుక ఒక్కమాట మనవిచేసెదను. దోషము చూపుటకు ప్రోగ్రాము వ్రాయ నేర్వనక్కరలేదు. వైద్యునితో రోగలక్షణములు చెప్పినట్లు, ఏ కూర్పు వాడితిమి, ఏమి చేసితిమి, ఏమి జరుగవలెను, ఏమి జరిగెను అను నాలుగు సంగతులు స్పష్టముగ చెప్పిన చాలును. మరల చేసినను అట్లే జరుగునేమో చూచి చెప్పవలెను. దూషింపరాదు, ఏలయన ఆవలనున్నవాడు తరచుగా జీతము లేక పనిచేయువాడు. మీ మనుమలలో కంప్యూటరు చదువుచున్నవారుందురు. తెరమీద తెలుగు అక్షరము చెడి కన్పించినచో, కాలమహిమయని యూరకుండక వారిని పిలిచి చూపుడు. ఆ యక్షరము తప్పని చెప్పగలవారు మీరు. ఆ మాట ఎచ్చటికి చేరవలెనో ఎరిగినవారు వారు. ఇరువురును కలిసినగాని మన లిపి యా మూలములలో శుద్ధముగ నిలువదు. సెలవు.