రక్షరేకు - పొలిమేర : బెజవాడ సాక్ష్యము

రక్ష యను మాటకు తెలుగునాట రెండు వ్యవహారములు గలవు. పసివాని మొలకో, బాలింత చేతికో కట్టు రేకు మొదటిది. ఊరిని గాచు దేవత యండ రెండవది. మొదటిది దేహమును, రెండవది చోటును గాచునని ప్రజల విశ్వాసము. మొదటిదానిని మంత్రశాస్త్రమునకును, రెండవదానిని గ్రామదేవతారాధనమునకును అప్పగించి వేర్వేరుగ విచారించుట పరిపాటి. ఈ రెండును ఒకే భావమునకు రూపభేదములనియు, రేకనునది మనుష్యుడు వెంట గొనిపోవు పొలిమేర యనియు మా యభిప్రాయము. దానికి బెజవాడయందును, కృష్ణాతీరమునను లభించు సాక్ష్యములను ఇచట పరిశీలింతుము.

చోటును గాచు దేవత మన తీరమునకు మిక్కిలి ప్రాచీనము. అమరావతి స్తూపమునకు చెందిన తొలినాటి శిల్ప మొకదానిపై చందముఖుడను యక్షుని పేరు చెక్కబడి యున్నది. బౌద్ధము వచ్చి యక్షుని వెళ్లగొట్టలేదు. స్తూపమునకు కావలి నిలిపినది. నాగార్జునకొండ త్రవ్వకములలో హారీతీదేవి యాలయము బయల్పడినది. బిడ్డలను భక్షించెడి యక్షిణి బుద్ధుని బోధచే బిడ్డలను గాచు తల్లియైనదని హారీతి కథ. భయమునకు కారణమైన శక్తియే ప్రసన్నమై రక్షగా మారుట మన గ్రామదేవతల స్వభావమునందును గలదు. మశూచి తెచ్చునది అమ్మవారే. దానిని తీయునదియు అమ్మవారే. జాతరలో పొలి చల్లుచు ఊరి ఎల్ల చుట్టివచ్చు ఆచారమును హెన్రీ వైట్‌హెడ్ 1916లో ప్రకటించిన గ్రంథమున వర్ణించెను. ఆ తంతు ముగిసిన పిదప ఎల్లకు లోపలిది రక్షితము, వెలుపలిది అరక్షితము. పోతురాజు నిలుచు శిల ఆ విభాగమునకు గుర్తు.

చోటును అక్షరముతో గాచుట తరువాతి మెట్టు. దీనికి బెజవాడ యుద్ధమల్లుని శాసనమే ప్రబలసాక్ష్యము. మధ్యాక్కరలలో నున్న ఈ శాసనమును జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించి ప్రకటించిరి. ఇది 10వ శతాబ్దిదని పలువురి మతము. కార్తికేయునకు గుడియు, దానికి మఠమును కట్టించిన వార్త యిందు గలదు. సాహిత్యచరిత్రకారులు దీని ఛందస్సును విస్తరముగ చర్చించిరి గాని, దీనిలోని శాపభాగమును అంతగా పట్టించుకొనలేదు. గొరగలు గాక అన్యులు ఆ మఠమున విడిసినచో వారణాసిని నాశము చేసిన పాపము పొందుదురని శాసనకర్త హెచ్చరించెను. రాజభటుడు లేని రాత్రివేళ మఠమును గాచునది ఈ పద్యమే. ఎల్లయందు పోతురాజు శిల చేయు పనిని ఇచట అక్షరము చేయుచున్నది.

రక్షరేకును ఈ వెలుగులో చూడవలెను. రేకనగా పలుచని లోహపుతునుక. తాళ్లపాకవారి సంకీర్తనలు చెక్కిన రాగిరేకులను మన మెఱుగుదుము. రాజుల దానశాసనములును రాగిపైననే చెక్కబడెను. రక్షరేకు ఆ జాతికే చెందిన అల్పశాసనము. దానిపై బీజాక్షరములను వ్రాసి, గళ్లుగీసి, చుట్టి, గొట్టమున నిడి దారముతో కట్టుదురు. యంత్రమునకు చుట్టును గీయు చతురస్రమునకు నాలుగు ద్వారములుండును. దానికి భూపురమని పేరు. అనగా యంత్రము సైతము ఎల్లలు గల ఊరే. దీనిని ధరించువారెవరో చూడుడు: శిశువు, బాలింత, ప్రయాణికుడు. వీరందఱును ఒక ఎల్ల దాటినవారు, లేదా దాటనున్నవారు.

తాయెత్తు తురకలతో వచ్చినదని కొందఱందురు. తావీజు అను మాట అరబ్బీదే. తాయెత్తును కూడ పలువురు దానితో ముడిపెట్టుదురు. పేరు వచ్చినంతమాత్రాన వస్తువును దానితోనే వచ్చెననుట సరిగాదు. రక్ష, కవచము అను మాటలు అంతకు పూర్వమే గలవు. అక్షరమే రక్ష యను నమ్మకము ఉభయులకును సమానమగుటచేతనే హిందువుల బిడ్డలకు దర్గాలలో తావీజు కట్టించుట సులభమైనది.

ఈ జంట మన దేశమునకే పరిమితము గాదు. బౌద్ధదేశమైన థాయిలాండునందు మంత్రాక్షరములు చెక్కిన లోహపురేకును చుట్టి మొలకో మెడకో కట్టుకొందురు. దానిని తక్రుత్ అందురు. ఆ యక్షరములకు వాడు ఖోమ్ లిపి దక్షిణభారత లిపులనుండి పుట్టినదే. ఇంటిముందర స్థలదేవతకు నిలుపు చిన్నగుడి సాన్ ఫ్రా ఫూమ్. అందలి ఫూమ్ మన భూమి శబ్దమే. 1782లో బాంకాకు నగరమును స్థాపించునపుడు మొదట నాటినది నగరస్తంభము. అది మన బొడ్డురాయిని తలపించును. పోలికను బట్టి ఎవరు ఎవరికి ఋణపడిరో తేల్చరాదు. దేహమునకు రేకు, చోటునకు రాయి యను జంట అచటను విడిపోలేదనుట మాత్రమే మాకు ప్రధానము.

ఇక బెజవాడ వన్ టౌన్. ఇంద్రకీలాద్రి పాదమున, కొండకును కృష్ణకును నడుమ ఇమిడిన పాతపట్టణమిది. 1855లో ఆనకట్ట పూర్తియైన పిదపను, రైలు వచ్చిన పిదపను పల్లెలనుండి జనము ఇచట చేరిరి. వారు తమ బొడ్డురాళ్లను వెంట తేలేకపోయిరి, రేకును తెచ్చుకొనగలిగిరి. కొండక్రింది అంగళ్లలో రాగిరేకులకు గల గిరాకికి ఇది యొక కారణమని మా యూహ.

1947లో గోరాగారి నాస్తికకేంద్రము ముదునూరునుండి తరలివచ్చినదియు ఈ నగరమునకే. రేకు జ్వరమును తగ్గించునా యని వారడిగిన ప్రశ్నకు జవాబు స్పష్టము: తగ్గించదు, వైద్యుని యొద్దకు పోవలసినదే. చరిత్రకారుడడుగు ప్రశ్న వేఱు: మనుష్యుడు దేనికి భయపడి దానిని కట్టుకొనెను? మూఢత యని త్రోసివైచినవారికిని, మహిమ యని చేతులు జోడించినవారికిని ఈ ప్రశ్న తట్టదు. రోడ్ల విస్తరణలో బొడ్డురాయి కదలిన ఊరిలో, తల్లి చేతనున్న రేకే ఆ ఊరి పొలిమేరకు మిగిలిన ఆనవాలు కావచ్చును. దేవాలయ శాసనములను సేకరించిన శ్రద్ధతోనే ఆ యల్పశాసనములను, వానిని కట్టినవారి మాటలను సేకరింపవలసి యున్నది.