దారి చూపు నావలు

సముద్రము నుండి రేవునకు వచ్చు ఓడకు నీరంతయు ఒక్క తీరుగనే కనబడును. ఎచ్చట లోతు కలదో, ఎచ్చట ఇసుకమేట పొంచియున్నదో తెలుపునవి నీటిపై తేలియాడు బోయాలు. అయితే బోయాను ఒకసారి నిలిపిన చాలదు. తుపానులకు అది జరిగిపోవును, నాచు, గుల్లలు పట్టి బరువెక్కును, గొలుసు అరుగును, దీపము ఆరును. స్థానము తప్పిన బోయా తన్ను నమ్మిన ఓడను మెరకకే చేర్చును. అందుచేత వీనిని కనిపెట్టియుండుటకు ప్రత్యేకమైన నావలు ఏర్పడెను. అవి బోయాను క్రేనుతో డెక్కుపైకి లాగి, గీకి శుభ్రపరచి, గొలుసును పరీక్షించి, దీపమును సరిచేసి, అడుగున పట్టియుంచు కాంక్రీటు దిమ్మెతో సహా మరల స్వస్థానమున దింపును.

అమెరికా సంయుక్త రాష్ట్రములలో ఈ నావల చరిత్ర విపులముగా కానవచ్చును. 1789లో ఆ దేశపు తొలి కాంగ్రెసు దీపస్తంభములతోపాటు బోయాల పోషణను గూడ కేంద్ర ప్రభుత్వ బాధ్యతగా స్వీకరించెను. ఈ నావలకు చెట్ల పేర్లు, పూల పేర్లు పెట్టుట దీపస్తంభ శాఖ ఆచారము. 1939లో ఆ శాఖ తీరరక్షక దళమున విలీనమయ్యెను గాని పేర్ల ఆచారము నిలిచెను. 1942-44 సంవత్సరముల నడుమ 180 అడుగుల నావలు 39 నిర్మింపబడెను. ఒక్కటి తప్ప తక్కినవన్నియు సుపీరియర్ సరస్సు ఒడ్డునగల డులూత్ పట్టణమున తయారైనవే. మంచును చీల్చు దార్ఢ్యము వీనికుండెను. 1957లో వీనిలో స్పార్, బ్రాంబుల్ అను రెండును, స్టోరిస్ అను మరియొక నావతో కలసి, ఉత్తరధ్రువ సముద్రములోని వాయవ్య మార్గమును దాటినవి.

బ్లాక్‌థార్న్ కూడ ఈ తరగతిలోనిదే. 1980 జనవరి 28 రాత్రి అది మరమ్మతులు ముగించుకొని, ఫ్లోరిడాలోని టాంపా అఖాతము నుండి వెలుపలికి పోవుచు, క్యాప్రికార్న్ అను చమురు ఓడను ఢీకొనెను. ఆ ఓడ లంగరు దీని ప్రక్కన గ్రుచ్చుకొనెను. గొలుసు బిగిసి లాగగా నావ తలక్రిందులయ్యెను. అందున్న 50 మందిలో 23 మంది మరణించిరి. విలియం ఫ్లోరెస్ అను యువ నావికుడు నీటబడినవారికి ప్రాణరక్షక కవచములు విసరి, మిగిలినవి కూడ అందునట్లు ఆ పెట్టె తలుపును తన నడికట్టుతో తెరచి కట్టి, తాను మునిగిపోయెను. తీరరక్షక పతకము అతని పేర 2000లో గాని ప్రకటింపబడలేదు.

ఇతరులకు దారి హద్దులు చూపు నావ, హద్దులు గుర్తించిన దారిలోనే నశించెను. ఉభయ నౌకలును తమ కుడివైపున సాగవలెనను నియమమును తప్పుటయే ప్రధాన కారణమని విచారణలో తేలెను.

మన దేశమున 1927 నాటి దీపస్తంభ చట్టమునకు బదులుగా 2021లో క్రొత్త చట్టము వచ్చెను. చట్టము మారినను పని మారదు. విశాఖ రేవు ముంగిట రాత్రివేళ మినుకుమను బోయా దీపము వెనుక, పేరు తెలియని నావికుల శ్రమ కలదని మనము మరువరాదు.