అమ్మ చూడని టీవీ

1975లో నేను మూడో తరగతి చదువుతుండగా మా ఊరి బడికి టీవీ వచ్చింది. కోళ్ళ దడికి కట్టే ఇనుప వలతో చేసిన పది అడుగుల గొడుగొకటి బడి దగ్గర నిలబెట్టారు. సాయంత్రమయ్యేసరికి ఊరంతా అక్కడే ఉండేది. ఊరంతా అని చాలా ఏళ్ళు చెప్పుకున్నాను. ఇది రాయడానికి కూర్చున్నప్పుడే తట్టింది, ఆ గుంపులో మా అమ్మ ఒక్కరోజు కూడా లేదని. అది పొయ్యి రాజేసే వేళ.

ఆ ప్రయోగం పేరు సైట్. నాసా ఒక ఏడాదికి ఇచ్చిన ఏటీఎస్-6 ఉపగ్రహంతో, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 వరకు ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు కార్యక్రమాలు ప్రసారమయ్యాయి. పొద్దున బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు. ఒకే బొమ్మ, మాట మాత్రం మాకు తెలుగులో, కర్ణాటక వాళ్ళకు కన్నడంలో. ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ విషయాల్లో స్త్రీలకు అవగాహన పెరిగిందని తర్వాత జరిగిన మూల్యాంకనంలో తేలింది. కాదనను. అయితే అది చూడగలిగిన స్త్రీల సంగతి. ఏడాది గడిచాక ఉపగ్రహం వెళ్ళిపోయింది. మా ఊరి టీవీ తాళం వేసిన గదిలోకి చేరింది.

ఆ తర్వాత వచ్చిన ప్రతి యంత్రమూ అదే ఆశను వెంట తెచ్చింది. 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా గోడకు కన్నం పెట్టి కంప్యూటర్ అమర్చారు, పిల్లలు తమంతట తామే నేర్చుకుంటారని. నేర్చుకున్నారు కూడా. కానీ సందు చివర గోడ దగ్గర సాయంత్రం దాకా నిలబడే తీరిక ఏ ఆడపిల్లకుంటుంది? పెరూ ప్రభుత్వం బడిపిల్లలకు లక్షల ల్యాప్‌టాప్‌లు పంచింది. వాటివల్ల లెక్కల్లో, భాషలో మార్కులు పెరగలేదని 2012లో వెలువడిన అధ్యయనం చెప్పింది.

వీటి పక్కన నెల్లూరును పెట్టి చూడాలనిపిస్తుంది. 1990ల మొదట్లో అక్షరాస్యతా ఉద్యమంలో అక్కడ ఉన్నదల్లా రాత్రిబడి, లాంతరు, చవక వాచకం. అందులో సీతమ్మ కథ చదివిన ఆడవాళ్ళు చదివి ఊరుకోలేదు, అది తమ కథే అని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. దూబగుంటలో సారా అమ్మకం ఆపించారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ వాచకాన్ని ఆపి ప్రశ్న అడగొచ్చు. మా ఊరి టీవీని ఆపడానికి ఎవరికీ వీలుండేది కాదు.

2020 వచ్చింది. బడులు మూసి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్‌లలో పాఠాలు పెట్టారు. మేం కాలేజీలో ఫోన్ల మీద చెప్పాం. తెర మీద పేరు కనిపిస్తే హాజరు, లేకపోతే గైర్హాజరు. ఒకమ్మాయికి వరుసగా పదిహేను రోజులు గైర్హాజరు వేశాను. తర్వాత తెలిసింది, ఇంట్లో ఉన్నది ఒక్క ఫోను, అది తమ్ముడి క్లాసుకు. వాడి క్లాసు అయ్యేసరికి ఈమెకు అంట్లు, వంట. నలభై అయిదేళ్ళ తర్వాత మళ్ళీ పొయ్యి రాజేసే వేళే. ఈసారి గీత గీసింది నేను.

అలాగని ఫోన్లు పారేయమనను. చంటిబిడ్డతో పుట్టింట్లో ఉన్న మరో విద్యార్థిని రాత్రి పదకొండింటికి రికార్డు చేసిన పాఠాలు విని డిగ్రీ పూర్తిచేసింది. ఆమెకు ఇంకో దారి లేదు. కానీ 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన పురుషులు దేశంలో 57.1 శాతం, స్త్రీలు 33.3 శాతం. తెలంగాణ స్త్రీలలో 26.5, ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 21 శాతమే. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఎనిమిదో తరగతి పిల్లల చేతికి ట్యాబ్‌లు ఇచ్చింది. పిల్ల పేరున ఒక పరికరం ఉండటం చిన్న విషయం కాదు. ఇంటికి వెళ్ళాక అది ఎవరి చేతిలో, ఏ వేళలో ఉంటుందన్నది మాత్రం ఏ పంపిణీ జాబితాలోనూ ఉండదు.

మన చదువుల చరిత్రలో యంత్రాల లెక్కలు ఉన్నాయి, పల్లెల లెక్కలు ఉన్నాయి. ఆడవాళ్ళ సాయంత్రాల లెక్క లేదు. ఇప్పుడు కొత్త తరగతికి వెళ్ళగానే నేను అడిగే మొదటి మాట ఫోనుందా అని కాదు. "నీకు ఏ వేళ ఖాళీ?" అని. చాలామంది వెంటనే జవాబు చెప్పలేరు.